నల్లకోటుకు మూడేళ్ళ మూల్యం

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు శాసనసభ నియోజకవర్గం. 2019లో ఇక్కడి నుంచి గెలిచిన మేకతోటి సుచరిత రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్ళే కూలీల ఓటు సచివాలయం దాకా నడిచి, పోలీసు శాఖను ఒక దళిత మహిళ చేతిలో పెట్టింది. అదే ప్రాంతం నుంచి వచ్చి న్యాయశాస్త్రం పూర్తిచేసిన ఒక విద్యార్థిని 2025 మేలో నన్నొక ప్రశ్న అడిగింది. ‘‘జడ్జి పరీక్ష రాయాలంటే ఇక మూడేళ్ళు ప్రాక్టీసు చేయాలంట కదా సార్. ఆ మూడేళ్ళు మా ఇల్లెట్టా గడవాలి?’’ ఆమె తల్లి మిరప కోతల కూలీ.

న్యాయవ్యవస్థలో కులం గురించి మనం చేసే చర్చలో ఈ ప్రశ్నకు చోటు దొరకడం అరుదు. సుప్రీంకోర్టులో దళిత న్యాయమూర్తులు ఎందరని లెక్కపెడతాం, కొలీజియాన్ని విమర్శిస్తాం. అవసరమే. కానీ వడపోత అంతకు చాలా ముందే, జిల్లా కోర్టు ఆవరణలో జూనియర్‌గా అడుగుపెట్టిన రోజునే మొదలవుతుంది.

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ళ న్యాయవాద అనుభవం ఉండాలన్న షరతును పునరుద్ధరించింది. 2002లో తానే తొలగించిన షరతు అది. కోర్టు ముఖం చూడని పట్టభద్రులను నేరుగా న్యాయపీఠం మీద కూర్చోబెడితే కక్షిదారులకు నష్టం జరుగుతోందన్నది న్యాయస్థానం వాదన. ఆ వాదనలో నిజం లేదనలేం. అయితే ఆ అనుభవం సంపాదించే ఖర్చు అందరికీ ఒకటి కాదు. తండ్రో మేనమామో వకీలైన ఇంట్లో ఆ మూడేళ్ళు శిక్షణ కాలం. కూలి ఇంట్లో అవి ఆదాయం లేని మూడేళ్ళు. సీనియర్ ఇచ్చే డబ్బు చాలాచోట్ల బస్సు చార్జీలకే సరిపోదు. ఎవరి ఆఫీసులో చేరాలన్నది కూడా పరిచయాల మీద, అంటే చాలావరకు కులం మీద, ఆధారపడి ఉంటుంది.

ఈ అడ్డంకి బరువు తెలియాలంటే కోర్టుల నిర్మాణాన్ని చూడాలి. కింది న్యాయస్థానాల నియామకాలు పరీక్ష ద్వారా, రిజర్వేషన్లతో జరుగుతాయి. హైకోర్టు, సుప్రీంకోర్టు నియామకాలకు రాజ్యాంగంలోని 217, 124 అధికరణలు రిజర్వేషన్ కల్పించలేదు. 1993 తీర్పు నుంచి ఆ ఎంపికలో కొలీజియం మాటే చెల్లుతోంది. దాని స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో కొట్టివేశారు. ఫలితం ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన లెక్కల్లోనే ఉంది. 2018 నుంచి 2025 తొలినాళ్ళ దాకా హైకోర్టుల్లో నియమితులైన 715 మంది న్యాయమూర్తుల్లో ఎస్సీలు 22, ఎస్టీలు 16, ఓబీసీలు 89 మంది మాత్రమే.

1950లో ఏర్పడిన సుప్రీంకోర్టుకు తొలి దళిత న్యాయమూర్తిగా జస్టిస్ ఎ. వరదరాజన్ వచ్చింది 1980లో. తెలుగు నేల నుంచి జస్టిస్ కె. రామస్వామి 1989లో ఆ పీఠమెక్కారు. 2010లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ పదవీ విరమణ చేశాక, 2019లో జస్టిస్ బి.ఆర్. గవాయ్ వచ్చేదాకా తొమ్మిదేళ్ళు అక్కడ ఒక్క దళిత న్యాయమూర్తి కూడా లేరు.

రిజర్వేషన్ ఉన్న ద్వారం కింది కోర్టే. హైకోర్టు న్యాయమూర్తుల్లో కొందరిని జిల్లా జడ్జీల నుంచే తీసుకుంటారు. ఇరవై అయిదేళ్ళకు సివిల్ జడ్జి అయినవారికి, సీనియారిటీ కలిసివస్తే, ఆ అవకాశం ఉంటుంది. మూడేళ్ళ ప్రాక్టీసు, పైన పరీక్ష కోసం నిరీక్షణ కలిపి ముప్పైకి చేరినవారు జిల్లా జడ్జి దగ్గరే విరమణ పొందవచ్చు. కింద ఆలస్యమైన అయిదేళ్ళు పైన ఒక తరాన్ని మాయం చేస్తాయి.

బెంచీ మీద ఎవరుంటే ఏమిటి, చట్టం ఒకటే కదా అనేవారు చుండూరును గుర్తుచేసుకోవాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణ తమ ఊళ్ళోనే జరగాలని బాధితులు పట్టుబట్టి, పోరాడి, ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నారు. కూలి పోగొట్టుకుని, నిందితుల మనుషుల మధ్య నుంచి పట్నం కోర్టుకు వెళ్ళి సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో వారికి తెలుసు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఊళ్ళో కూర్చున్న కోర్టు నమ్మిన సాక్ష్యం రాజధానిలో కూర్చున్న కోర్టుకు చాలలేదు. న్యాయమూర్తి కులం తీర్పును నిర్ణయిస్తుందని నేను అనను. కానీ భయపడిన కూలీ సాక్ష్యంలోని తడబాటును అబద్ధంగా చూడాలా, భయంగా చూడాలా అన్నచోట జీవితానుభవం పనిచేస్తుంది. ఆ అనుభవం ఉన్నవారు పై కోర్టుల్లో దాదాపు లేకపోవడం చిన్న లోపం కాదు.

న్యాయవాది విషయమూ అంతే. జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటర్ పదవి సాధారణంగా అధికార పక్షం మారినప్పుడల్లా చేతులు మారుతుంది. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని నియమించవచ్చని అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనలు చెబుతున్నాయి. అయితే కోరదగిన మనిషి బార్‌లో ఉండాలి కదా. 1985లో కారంచేడు ఊచకోతకు నిరసనగా ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకున్న బొజ్జా తారకం వంటివారు ఊరికే పుట్టుకురారు. ఒక తరం ఆ వృత్తిలో నిలదొక్కుకోగలిగితేనే వస్తారు.

అందుకే జూనియర్లకు భృతి అన్నది దయాధర్మాల విషయం కాదు. 2024 జులైలో సుప్రీంకోర్టు బార్ కౌన్సిళ్ళ నమోదు రుసుము జనరల్ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటరాదని తీర్పిచ్చింది. అధిక రుసుము అణగారిన వర్గాలను వృత్తికి దూరం చేస్తుందని గుర్తించింది. ఆ తర్కమే మూడేళ్ళ షరతుకూ వర్తిస్తుంది. ప్రవేశ రుసుము తగ్గించి, లోపల మూడేళ్ళ జీతంలేని చాకిరీ పెడితే ద్వారం తెరిచినట్టు కాదు. జూనియర్లకు నగరాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే. ఇవ్వని సీనియర్‌ను అడిగేవారు లేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో లా నేస్తం పేరిట నెలకు 5 వేల రూపాయల భృతి మొదలుపెట్టింది. ఆ మొత్తంతో గుంటూరులో గది అద్దె కట్టి నెల గడపడం కష్టం.

చేయవలసింది స్పష్టం. మూడేళ్ళ అనుభవం తప్పనిసరి అయితే, ఆ మూడేళ్ళూ ఎస్సీ, ఎస్టీ, బీసీ జూనియర్లకు బతకడానికి సరిపడే భృతిని చట్టబద్ధం చేయాలి. ప్రతి జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో వారికి వేతనంతో కూడిన శిక్షణ స్థానాలు కల్పించాలి, దాన్ని ప్రాక్టీసుగా లెక్కించాలి. ప్రభుత్వ న్యాయవాదుల నియామకాల్లో సామాజిక వర్గాల వారీ లెక్కలను ఏటా ప్రకటించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

నన్ను ప్రశ్నించిన విద్యార్థిని ఇప్పుడు గుంటూరులో ఒక న్యాయవాది దగ్గర జూనియర్. పగలు కోర్టు, సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు. చదువుకోవడానికి ఆమెకు మిగిలేది రాత్రి పది తర్వాతే. మూడేళ్ళ తర్వాత ఆమె అదే పరీక్ష హాల్లో కూర్చుంటుంది. పక్క బల్ల మీద ఆ మూడేళ్ళూ తండ్రి ఆఫీసులో చదువుకున్న అభ్యర్థి ఉంటాడు. ఇద్దరి చేతికీ ఇచ్చేది ఒకే ప్రశ్నపత్రం.