వాలు పళ్లతో గేరుకు బలం
హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టుకు వెళ్లినవారు తలెత్తి గోపురం గడియారం చూస్తారు. గడియారాల చక్రాలకు భారం తక్కువ, తిన్నని పళ్లు చాలు.

చెరకు మిల్లు గేరుబాక్సు సంగతి వేరు. తిన్నని పన్ను నిడివంతా ఒక్కసారిగా తాకుతుంది. మోత పుడుతుంది, కాలక్రమాన పంటిపై గుంటలు పడతాయి. అందుకే హెలికల్ గేర్లు, అంటే ఏటవాలు పళ్ల చక్రాలు, బిగిస్తారు. ఒక పన్ను వదలకముందే పక్క పన్ను అందుకుంటుంది. భారం పంచుకోవడంతో పంటిపై ఒత్తిడి తగ్గుతుంది. అయితే వాలు పెరిగేకొద్దీ ఇరుసు పక్కకు నెట్టుకుపోతుంది; దాన్ని ఆపే బేరింగు తప్పనిసరి.

చక్రం మార్చేటప్పుడు పళ్లు లెక్కపెడితే చాలదు. పళ్ల సైజు, వాలు కోణం రెండింటికీ ఒకటే కావాలి. పక్కపక్క ఇరుసులపై ఒకటి కుడి వాలైతే రెండోది ఎడమ వాలు ఉండాలి. పొరబడితే క్రషింగు ఆగుతుంది. కొట్టిన చెరకు ఎండి తూకం తగ్గితే నష్టం రైతుదే.