తోపుడుబండికి బీమా

నాఁగలి పట్టినవారి యిండ్లలోనే కొందఱు సాయంకాలమునఁ దోపుడుబండిపై మిరపకాయ బజ్జీలు వేసి యమ్ముదురు. బండి, పొయ్యి, గ్యాసుబుడ్డి, నూనె, పలుమాఱు అన్నియు అప్పు తెచ్చినవే. 2022 సెప్టెంబరులో నిడమనూరు చెంత సాగరు ఎడమ కాలువకు గండిపడి పొలములు మునిఁగినవి. అట్టి నీరు బండిని ముంచినను, నూనె యంటుకొనినను అప్పు మాత్రము నిలిచియుండును.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు 18 మొదలు 70 ఏండ్లవారి బ్యాంకు ఖాతానుండి యేఁటికి 20 రూపాయలు మినహాయింతురు. ఇంచుమించు ఒక పొట్లము బజ్జీల వెల. ప్రమాదమున మరణించినచో వారసునకు 2 లక్షలు ముట్టును. వ్యాధిచేఁ బోయినచో రాదు. మేము ముఖ్యముగాఁ జెప్పఁదలఁచిన దేమన, ఇది మనిషికే గాని బండికిఁ గాదు.

బండికి, సరకునకు వేఱు పత్రము కావలెను. 2021 ఏప్రిలు నుండి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అను పత్రము నిచ్చుచున్నవి. అగ్ని, ప్రేలుడు, తుపాను, వఱద యిందుఁ జేరును. ఊరక రాత్రివేళ బండిని దొంగ తోలుకొనిపోయినచో రాదు. అగ్ని, వఱద వంటివి సంభవించినపు డా కారణమున ఏడు దినములలోపల జరిగిన దొంగతనమే లెక్కకు వచ్చును. మఱియొక చిక్కు కలదు. పత్రమున నొక తావు వ్రాయుదురు. మన బండి యేమో సంతలకుఁ దిరుగును. కావున సొమ్ము కట్టకముందే బండి తిరుగు తావులన్నిటికి రక్షణ కలదో లేదో యడిగి వ్రాయించుకొని, సామానుల కొనుగోలు చీట్లను బండిలోఁ గాక యింటఁ బెట్టుకొనవలెను.