ఇల్లు కొత్తవాడ, సాంచ భీవండి: పన్ను ఎవరికి?

వరంగల్: ఓటు ఇక్కడ, కూలి అక్కడ. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని చేనేత కుటుంబాల్లో చాలామందికి తరాలుగా ఇదే బతుకు. కొత్తవాడ నుంచి, పరకాల నుంచి భీవండి, షోలాపూర్, సూరత్ సాంచల మీదికి వెళ్లినవారు పండుగకు వచ్చినప్పుడు తరచూ ఒక మాట అడుగుతుంటారు. అక్కడ జీతంలో కోసిన ‘టాక్స్’ ఏ సర్కారుకు పోతున్నది? ఇక్కడ కూడా కట్టాలా?

అక్కరలేదు. ఆదాయపు పన్ను కేంద్రానిది. మనిషి ఏ రాష్ట్రంలో ఉన్నా లెక్క ఒక్కటే. అమెరికాలో అలా కాదు. న్యూజెర్సీలో కాపురముండి న్యూయార్క్‌లో కొలువు చేసే మనవాళ్లు రెండు రాష్ట్రాలకూ లెక్క చెప్పాలి. ఆ మాటకొస్తే నిజాం హయాంలో హైదరాబాద్ సంస్థానానికీ సొంత ఆదాయపు పన్ను చట్టం ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడికి భారత చట్టం వచ్చింది.

రాష్ట్రం తీసుకునేది వృత్తి పన్ను. పని చేసే చోటే కట్టాలి, సొంతూరుతో సంబంధం లేదు. ఒక మనిషి నుంచి రాష్ట్రం ఏడాదికి 2,500 రూపాయలు మించి తీసుకోరాదు. 1988 దాకా ఈ హద్దు 250 రూపాయలే. మహారాష్ట్రలో నెలకు 10 వేలు దాటిన మగవారికి 200, ఫిబ్రవరిలో మాత్రం 300 కోస్తారు. ఆడవారికి 2023 ఏప్రిల్ నుంచి 25 వేల దాకా లేదు. అంతకు తక్కువ జీతమున్న ఆడకూతురికి కోస్తే సేటును నిలదీయవచ్చు. గుజరాత్‌లో 12 వేల దాకా, తెలంగాణలో 15 వేల దాకా మినహాయింపు ఉంది.

అసలు నష్టం మరోచోట. సొంత సాంచలు పెట్టుకుని మజూరీకి నేసే ఆసామికి పెద్ద వ్యాపారి బిల్లులో 1 శాతం టీడీఎస్ కోస్తాడు. పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. అది కేంద్రం పన్నే. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను పడదు. కనుక పాన్ మీద జమైన సొమ్ము రిటర్న్ వేస్తే బ్యాంకు ఖాతాకు తిరిగి వస్తుంది. అందుకు భీవండి పోనక్కరలేదు, వరంగల్‌లోనే వేయవచ్చు. పాన్ ఇవ్వకుండా కోయించుకున్న సొమ్ము రాబట్టడం మాత్రం కష్టం.

గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. వలసపోయిన నేతన్నలకు ఊరి దగ్గరే పని దొరకాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. ఏడాది మధ్యలో అక్కడి పని మాని ఇక్కడ చేరినవారికి, అక్కడ చేసిన నెలల వృత్తి పన్ను మహారాష్ట్రకు, ఇక్కడివి తెలంగాణకు పోతాయి. ఆదాయపు పన్ను రిటర్న్‌లో మాత్రం రెండు చోట్ల జీతమూ కలిపి చూపాలి. అందుకే పాత యజమాని దగ్గర టీడీఎస్ సర్టిఫికెట్, జీతం చీటీలు తీసుకున్నాకే రైలెక్కాలి.