నేటి పరిగె ఏరుకొనేవారు

కోతకాలమందు పొలములో కొంత పంటను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని మోషే ధర్మశాస్త్రము నియమించింది (లేవీ. 19:9,10). మోయాబీయురాలైన రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొన్నది ఆ ఏర్పాటు వల్లనే. అయితే బోయజు ఆమెను ఏరుకోనిచ్చి ఊరకుండలేదు. ఆమె జోలికి పోవద్దని పనివారికి గట్టిగా చెప్పాడు. దాహమైతే వారు చేది పెట్టుకొన్న నీళ్లే త్రాగమన్నాడు (రూతు 2:9). పనివారి కుండలు ఆమెకు కూడా ఉమ్మడి అయ్యాయి.

ప్రియ పాఠకులారా, మన పట్టణములలో నేటి పరిగె వేరు. నీళ్ల సీసాలు, అట్టపెట్టెలు, చిత్తు కాగితాలు, రేకు డబ్బాలు, ఇనుప ముక్కలు. తెల్లవారకముందే గోనెసంచి భుజాన వేసుకొని వీటిని ఏరుకొనేవారిని మనమందరము చూస్తున్నాము. వారికి పాత బట్టలు ఇచ్చుట, పండుగనాడు భోజనము పెట్టుట మంచిదే. కాని ఏడాది పొడుగునా వారి కష్టానికి తగిన ధర దొరకాలంటే పనిముట్లు కావాలి. అవి ఒక్కొక్కరు కొనగలిగినవి కావు గనుక అందరికీ ఉమ్మడిగా ఉండాలి. ఈ సంగతినే మేము ఇక్కడ వివరించగోరుతున్నాము.

మస్టరు లేని కష్టము

రామగుండము బొగ్గుకు, కరెంటుకు పేరుపొందిన ఊరు. ఒకవైపు సింగరేణి గనులు, మరొకవైపు 1983లో మొదటి యూనిట్ నడిచిన ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రము, 1999లో మూతపడి 2021లో కొత్త కంపెనీ పేరుతో మరల మొదలైన ఎరువుల కర్మాగారము ఉన్నాయి. 2011 జనాభా లెక్కలలో ఇక్కడ 2 లక్షల 29 వేలకు పైగా జనము ఉన్నారు. ఇన్ని క్వార్టర్లు, హోటళ్లు, దుకాణములు ఉన్నచోట పారవేసే వస్తువులకు కొదువ లేదు.

గోదావరిఖనిలో పనివాని లెక్క మస్టరుతోనే. మస్టరు పడితే జీతము, క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి. 1990ల ఆరంభములో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుకు తగ్గింది. ఏరుకొనేవారికైతే మొదటినుండి ఏ మస్టరూ లేదు. 45 డిగ్రీలు దాటే ఎండలో కూడా వారు తిరగాలి. వాన పడితే ఆనాటి కూలి నీళ్లపాలే.

ధర ఎక్కడ పోతుంది?

ఏరినవారి చేతికి రావలసిన డబ్బు నాలుగు చోట్ల జారిపోతుంది.

మొదటిది కాంటా. రోజుకు 20 కిలోలు అమ్మే తల్లికి తూకములో 2 కిలోలు తగ్గితే, 25 రోజులకు 50 కిలోలు పోయినట్లే. అంటే నెలలో రెండున్నర రోజుల కష్టము. దొంగ తూకము గురించి సామెతల గ్రంథము అన్నిసార్లు ఎందుకు హెచ్చరించిందో ఇక్కడ తెలుస్తుంది. రెండవది తడి. తడిసిన అట్టకు ధర తగ్గించి కొంటారు, లేదా వద్దంటారు. మూడవది కలగాపులగము. నీళ్ల సీసా, పాల కవరు, పగిలిన బకెట్టు మూడూ వేర్వేరు రకాల ప్లాస్టిక్. కలిపి వేస్తే అన్నిటికీ తక్కువ రకము ధరే కడతారు. నాలుగవది కొద్దిపాటి సరుకు. పెద్ద వ్యాపారి లారీ లోడు అడుగుతాడు గాని ఒక సంచి కొరకు రాడు.

స్క్రాప్ దుకాణదారుని మాత్రమే నిందించుట న్యాయము కాదు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి అప్పు ఇచ్చేవాడు అతడే. అయితే ఆ అప్పు తీరేవరకు సరుకు అతనికే, అతడు చెప్పిన ధరకే వేయవలసి వస్తుంది.

ఉమ్మడిగా ఏమేమి కావాలి?

మొదట సరియైన కాంటా ఒకటి. దుకాణానికి పోకముందే తన సరుకు బరువు తనకు తెలిస్తే, బేరములో మనిషి తల ఎత్తి మాట్లాడగలడు. తరువాత వాన తగలని రేకుల కప్పు, వేరుచేసుకొనుటకు గచ్చు, చేతులు కడుగుకొనుటకు నీళ్లు. ఆపైన వంతులవారీగా వాడుకొనే తోపుడు బండ్లు, మూడు చక్రాల రిక్షాలు. వీటితోపాటు ఎవరివి వారికి చేతితొడుగులు, బూట్లు ఉండాలి.

చివరిది ప్రెస్సు. జిన్నింగు మిల్లులో దూదిని అదిమి 170 కిలోల బేలు కట్టుట మన పత్తి రైతులకు తెలిసినదే. సీసాలు, అట్టలు కూడా అలాగే బేళ్లు కట్టవచ్చు. ఖాళీ సీసాలు విడిగా వేస్తే లారీ నిండా గాలియే. బేళ్లు కడితే అదే లారీలో ఎన్నో రెట్లు సరుకు పడుతుంది, పెద్ద వ్యాపారికి నేరుగా అమ్మవచ్చు. కాని ప్రెస్సుకు కరెంటు కావాలి, మరమ్మతు కావాలి. ఏమరుపాటున ఉంటే చేయి నలుగుతుంది. చాలినంత సరుకు రాకపోతే అది తుప్పుపట్టి మూలబడుతుంది. కాబట్టి ప్రెస్సుతో మొదలుపెట్టరాదు.

ల్యాంపు రూము క్రమము

పదిమందిదైన వస్తువు ఎవరిదీ కాకుండా పోతుందని పెద్దలు భయపడతారు. ఆ భయము నిజమే. దీనికి జవాబు మన బొగ్గుబాయిలోనే ఉన్నది. బాయి దిగే కార్మికుడు ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకొని, షిఫ్టు ముగియగానే అక్కడే అప్పగిస్తాడు. దీపము అతని సొంతము కాదు. అయినా దీపము లేకుండా ఎవరూ దిగరు. ఇచ్చిపుచ్చుకొనుటకు లెక్క ఉన్నది, బాగుచేయుటకు మనిషి ఉన్నాడు.

ఉమ్మడి బండికి, కాంటాకు కూడా ఒక పుస్తకము, వంతు, మరమ్మతు నిమిత్తము వారము వారము కొద్ది రూపాయల చందా ఉండాలి. చదువు రానివారు ఉంటారు గనుక నెలకొకసారి లెక్క అందరి యెదుట బిగ్గరగా చదవాలి. తాళపుచెవి ఏరుకొనేవారిలో ఇద్దరి దగ్గర ఉండాలి గాని దాతల దగ్గర కాదు.

ఇతర పట్టణములు నేర్పినది

పూణేలో 1993లో ఏరుకొనేవారి సంఘము ఏర్పడింది. 1996లో నగరపాలక సంస్థ వారి గుర్తింపు కార్డులను ఆమోదించింది. అదే సంఘమునుండి పుట్టిన స్వచ్ఛ్ సహకార సంస్థ 2008లో ఇంటింటి సేకరణకు నగరముతో ఒప్పందము చేసుకొన్నది. బెంగళూరులో హసిరు దళ తోడ్పాటుతో ఏరుకొనేవారే వార్డులలో పొడి చెత్త కేంద్రములు నడుపుతున్నారు. రెండుచోట్లా మొదట సంఘటితమైనది మనుషులు. కేంద్రములు, ఒప్పందములు ఆ తరువాత వచ్చాయి.

ప్రభుత్వము కూడా దారి తెరిచింది. 2016 ఘన వ్యర్థాల నియమములు ఏరుకొనేవారిని గుర్తించి పనిలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. 2024లో వారిని కేంద్ర నమస్తే పథకములో చేర్చారు. మన రాష్ట్రములో 2020 పట్టణ ప్రగతి నాటినుండి పట్టణాలలో చెత్త ఆటోలు పెరిగాయి. ఇక్కడొక అపాయము ఉన్నది. ఆటో ఇంటిముందుకే వచ్చి మంచి సరుకు తీసుకొనిపోతే, పేరు నమోదు కాని వ్యక్తికి మిగిలేది డంపింగు యార్డే. కార్పొరేషన్ జాబితాలో వారి పేర్లు ఎక్కుట కాంటా అంత అవసరము.

మన సంఘములు చేయగలవి

1. ఇంటిలో తడి, పొడి వేరుచేయండి. పగిలిన గాజు, సూదులు విడిగా చుట్టి గుర్తు పెట్టండి.

2. పల్లెలలో ఉన్నవారు పురుగుమందు డబ్బాలను పాత సామాను వానికి వేయకండి. వాటిలోని విషము ఏరేవాని చేతికి, ఊపిరికి తగులుతుంది.

3. పెండ్లి, క్రిస్మస్ భోజనములైన తరువాత సీసాలు, అట్టలు ఒకచోట ఉంచి, ఫలానా అక్కకు ఫలానా రోజు అని మాట ఇచ్చి నిలుపుకోండి.

4. మందిరము ఆవరణలో ఖాళీ స్థలము ఉంటే రేకుల కప్పుకు ఇవ్వండి. ఏ మతమువారని అడగకండి.

5. చదువుకొన్న యౌవనులు ఆధార్, బ్యాంకు ఖాతా, పథకముల దరఖాస్తులు వ్రాసి పెట్టండి.

6. "ఏయ్" అని కాక "అక్కా", "అన్నా" అని పిలవండి.

మొదటి కాంటా కొనుటకు ఒక సంఘము చందా చాలు. కొన్న తరువాత అది ఎవరి పేరున ఉండాలి, ఎవరు వాడాలి, ఎవరికి అమ్మాలి అనే తీర్మానము ఏరుకొనేవారికే విడిచిపెట్టాలి. కార్యాలయములో వారి మాట చెల్లనినాడు వారి ప్రక్కన నిలబడుట మన వంతు.