వ్యానులో పుట్టి గదికి చేరిన స్పీకరు

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిలో మంచి సంగీతం వినాలని ముచ్చటపడే వాళ్లకు నేను మొదట చెప్పే మాట, పెద్ద స్పీకర్లు కొనకండి అని. డబ్బు మిగులుతుందని ఇచ్చే సలహా కాదిది. స్పీకరు ఎంత ఖరీదైనదైనా చివరికి మన చెవికి చేరేది స్పీకరూ గదీ కలిసి చేసే శబ్దమే. చిన్న గదికి పెద్ద బేస్ సరిపడదు. ఈ సంగతికి చక్కటి సాక్ష్యం యాభై ఏళ్లు దాటిన ఒక చిన్న పెట్టె. దాని పేరు ఎల్‌ఎస్‌3/5ఏ. ఎత్తు 12 అంగుళాలు, వెడల్పు ఏడున్నర, లోతు ఆరున్నర. చంకలో పెట్టుకుని మేడ మెట్లు ఎక్కేయవచ్చు.

దీన్ని తయారు చేసింది ఏ వ్యాపార సంస్థో కాదు, బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ. స్టూడియో బయట జరిగే కచేరీలను, సభలను ప్రసారం చేయడానికి వాళ్ల దగ్గర వ్యాన్లు ఉండేవి. వ్యానులో కూర్చున్న ఇంజనీరు మైకుల నుంచి వచ్చే శబ్దాన్ని వింటూ, ఏది పెంచాలో ఏది తగ్గించాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. హెడ్‌ఫోన్‌లో వింటే పాట తల లోపల మోగినట్టు ఉంటుంది, దాన్ని నమ్మి స్టీరియో తూకం చూడటం కష్టం. స్టూడియోలో వాడే మానిటర్ స్పీకరు పెడదామంటే వ్యానులో మనిషికే చోటు చాలదు. అందుకని చేతికి అందే దూరంలో పెట్టుకుని వినగలిగే చిన్న స్పీకరు కావలసి వచ్చింది. బీబీసీ లెక్కలో స్టూడియో మానిటర్లు ఎల్‌ఎస్‌5 వరస, బయటి ప్రసారాలవి ఎల్‌ఎస్‌3 వరస.

ఆ స్పీకరుకు బీజం మాత్రం ఇంకో పరిశోధనలో పడింది. ఇంగ్లండ్‌లోని సరే ప్రాంతంలో, కింగ్స్‌వుడ్ వారెన్ అనే భవనంలో బీబీసీ పరిశోధన విభాగం ఉండేది. ఒక స్టూడియో కట్టకముందే, లేదా మార్చకముందే, అందులో సంగీతం ఎలా వినిపిస్తుందో తెలుసుకోవాలని అక్కడివాళ్లు స్టూడియోకు ఎనిమిదో వంతు కొలతలో నమూనా కట్టారు. గది ఎనిమిదో వంతుకు తగ్గితే శబ్ద తరంగం కూడా ఎనిమిదో వంతుకు తగ్గాలి, అంటే పౌనఃపున్యం ఎనిమిది రెట్లు పెరగాలి. అందుకని సంగీతాన్ని ఎనిమిది రెట్లు వేగంగా ఆ బొమ్మ స్టూడియోలో వినిపించి, అక్కడ రికార్డు చేసిన దాన్ని మళ్లీ నెమ్మది చేసి వినేవారు. ఇంత అందమైన ఆలోచన శబ్దశాస్త్రంలో ఎక్కువగా కనిపించదు. ఆ నమూనాలో పెట్టడానికి బాగా చిన్నదీ, బాగా నిజాయితీగా పలికేదీ అయిన స్పీకరు అవసరమైంది. వ్యానుకు స్పీకరు కావలసి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఆ పునాది సిద్ధంగా ఉంది.

మొదట వచ్చింది ఎల్‌ఎస్‌3/5. దానికి కింది స్వరాలు పలికే ఊఫరునూ, పై స్వరాలు పలికే ట్వీటరునూ అందించింది కెంట్ ప్రాంతంలోని కెఫ్ సంస్థ. ఒకప్పుడు బీబీసీలో పనిచేసిన రేమండ్ కుక్ 1961లో పెట్టిన కంపెనీ అది. ఊఫరు పేరు బీ110, ట్వీటరు పేరు టీ27, రెండింటినీ రూపొందించినది మాల్కమ్ జోన్స్. ఇంతలో కెఫ్ ఆ యూనిట్లలో మార్పులు చేసింది. పాత డిజైను కొత్త యూనిట్లతో కుదరలేదు. బీబీసీ ఇంజనీర్లు డడ్లీ హార్‌వుడ్, మారిస్ వాటన్, మిల్స్‌ల బృందం మళ్లీ కూర్చుని డిజైను సవరించింది. అలా 1974లో చివర ఏ అక్షరం చేరింది. ఎలా చేశారో వివరంగా రాసిన నివేదిక 1976లో బయటికి వచ్చింది.

ముందున్న జాలీ గుడ్డ తీసి చూస్తే ఈ పెట్టెలో ఎంత ఆలోచన పెట్టారో తెలుస్తుంది. కింద నల్లగా, పూత పూసినట్టు మెరిసే ఊఫరు కోను. అది కాగితం కాదు, బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్. కాగితం గాలిలో తేమకు మారిపోతుంది, ఒక కోనుకూ ఇంకో కోనుకూ తేడా వస్తుంది. కుడి ఎడమలు అచ్చంగా ఒకేలా పలకాలంటే ప్లాస్టిక్కే నయమని బీబీసీ అప్పటికే తేల్చుకుంది. ప్లాస్టిక్ తనంతట తాను మోగకుండా పైన ఆ పూత. దానికి పైన 19 మిల్లీమీటర్ల గుమ్మటంతో ట్వీటరు, చిల్లుల రేకు ముసుగుతో. ట్వీటరు చుట్టూ నాలుగు వైపులా దట్టమైన ఫెల్ట్ పట్టీలు. పెట్టె అంచు కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ట్వీటరు శబ్దం ఆ అంచుకు తగిలి చెదిరి, అసలు శబ్దంతో కలిస్తే గరుకుగా వినిపిస్తుంది. ఫెల్ట్ దాన్ని ముందే మింగేస్తుంది. జాలీ గుడ్డను కూడా లెక్కలో చేర్చే ఈ స్పీకరును సరిచేశారు కాబట్టి దాన్ని బిగించే వినాలి. గుడ్డ తీసేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఈ స్పీకరు విషయంలో అది పొరపాటు.

పెట్టెను వేలితో కొట్టి చూస్తే ఖంగున మోగదు, మొద్దుగా థప్పుమంటుంది. మందపాటి చెక్కతో చేస్తే పెట్టె గట్టిగా ఉంటుందని మామూలు నమ్మకం. హార్‌వుడ్ బృందం వేరే దారి పట్టింది. చెక్క మందమైన కొద్దీ దాని కంపనం చెవి బాగా పట్టుకునే మధ్య స్థాయికి ఎగబాకుతుంది. పలచని చెక్క అయితే కంపనం కింది స్థాయిలోనే ఉంటుంది, దాన్ని అణచడమూ తేలిక. అందుకే 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ వాడి, లోపల తారు పలకలు అంటించారు. లోపలి మూలల్లో బిగించే పట్టీలు బీచ్ చెక్కవి ఉండాలి. వాటి బదులు పరానా పైన్ వాడిన పెట్టెల్లో స్వరం మారినట్టు చెవికి తెలిసింది. బయటికి కనిపించని వేలెడు పట్టీని కూడా చెవితో పట్టుకున్న మనుషులు వాళ్లు. పరీక్షకు వాళ్లు ఎక్కువగా ఆశ్రయించినది మనిషి మాట. తెలిసిన మనిషి మాట్లాడుతుంటే నేరుగా వినడం, అదే గొంతును స్పీకర్లో వినడం, రెండింటినీ పోల్చడం. వాద్యం గురించి చెవి మోసపోవచ్చు, గొంతు విషయంలో మోసపోవడం కష్టం.

ఊఫరును ట్వీటరుతో కలిపే క్రాసోవరు సర్క్యూట్ కూడా చిన్న పెట్టెకు మించిన పని చేస్తుంది. 3000 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పంచడంతో సరిపెట్టుకోదు, మధ్య స్థాయిలో ఊఫరు ఎత్తుగా పలికే చోటును అణచివేస్తుంది, గట్టిగా మాట్లాడే ట్వీటరును తగ్గిస్తుంది. ఆ అణచివేతకు మూల్యం ఉంది. ఈ స్పీకరు సున్నితత్వం 82.5 డెసిబెల్స్ మాత్రమే. మామూలు స్పీకర్లు ఇచ్చేంత శబ్దం రావాలంటే దీనికి మూడు నాలుగు రెట్లు పవరు పోయాలి. పెళ్లి పందిట్లో ఇది ఎందుకూ పనికిరాదు. ఆరేడు అడుగుల దూరంలో కూర్చునే చిన్న గదిలో ఆ లోటు తెలియదు.

బీబీసీ దీన్ని తయారు చేసే లైసెన్సు రోజర్స్, స్పెండర్, హార్బెత్ లాంటి చిన్న కంపెనీలకు ఇచ్చింది. ఇంజనీర్ల కోసం చేసిన వస్తువు అలా ఇళ్లకు చేరింది. బ్రిటన్‌లోనే కాదు, గదులు ఇరుకైన జపాన్‌లోనూ హాంకాంగ్‌లోనూ దీనికి వీరాభిమానులు తయారయ్యారు. అది కాకతాళీయం అనుకోను. దీని శబ్దం సుమారు 70 హెర్ట్జ్ దాకానే కిందికి దిగుతుంది. అదే చిన్న గదికి వరమైంది.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం, తరంగంలో సగానికి సమానమైతే ఆ స్వరం గదిలో నిలిచిపోయి మోగుతుంది. మన పన్నెండు అడుగుల పొడవుకు అది 47 హెర్ట్జ్. పది అడుగుల వెడల్పుకు 56. మన ఇళ్లలో స్లాబు ఎత్తు కూడా చాలాచోట్ల పది అడుగులే కాబట్టి నిలువుగానూ మళ్లీ అదే 56. రెండు ఒకేచోట కలిస్తే ఆ ఒక్క స్వరం గదిని ఆక్రమిస్తుంది. సిమెంటు గోడలూ, టైల్సు పరిచిన నేలా దాన్ని పీల్చుకోవు. ఫోన్లో స్వరాలు పుట్టించే యాప్ ఒకటి పెట్టుకుని, పెద్ద స్పీకర్ల ద్వారా 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ గదిలో నడిచి చూడండి. 56 దగ్గరికి రాగానే బీరువా తలుపు గడగడలాడుతుంది, రెండడుగులు పక్కకు జరిగితే ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. లక్షలు పోసినా స్పీకరు ఈ గండాన్ని తప్పించలేదు, కింది స్వరాలు ఎంత బాగా పలికితే గండం అంత పెద్దది. ఎల్‌ఎస్‌3/5ఏ ఆ 47, 56 స్వరాలను గట్టిగా పలకదు కాబట్టి గది నిద్ర లేవదు.

గోడలకు కోడిగుడ్ల అట్టలో పలచని ఫోమో అంటిస్తే సరిపోతుందనే మాట మన ఊళ్లలో బాగా తిరుగుతోంది. 56 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే అయిదడుగులు. అంగుళం ఫోముకు దాని ఊసే తెలియదు. అది పై స్వరాలను మాత్రం మింగేసి, బేస్‌ను అలాగే వదిలి, గదిని గుడ్డ కప్పినట్టు చేస్తుంది. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ ఒక హాలులోని ప్రతిధ్వనిని, పక్క థియేటరు నుంచి తెచ్చిన సీటు మెత్తలతో కొలిచినప్పటి నుంచీ ఏ వస్తువు ఎంత శబ్దాన్ని పీలుస్తుందో లెక్కకు అందింది. చిన్న గదిలో దూది పరుపు, పుస్తకాల అల్మారా, మందపాటి కర్టెన్లు చేసే మేలు తక్కువది కాదు. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి, పరుపు తెచ్చి పెట్టాక మళ్లీ కొట్టండి, గోడల మధ్య గిలకలా తిరిగే ఆ రెపరెప ఎంత తగ్గిందో తెలుస్తుంది.

ఇక అమరిక. ముందు స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగండి, మూల గదిలోని అన్ని స్వరాలనూ రెచ్చగొడుతుంది. వెనక గోడకు రెండడుగుల దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం 140 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొంత కొట్టేస్తుంది. దాన్ని పూర్తిగా తప్పించలేం. కాని పక్క గోడ దూరమూ వెనక గోడ దూరమూ సమానంగా లేకుండా చూసుకుంటే రెండు గుంటలు ఒకేచోట పడవు. వినేవారు గది నడిమధ్యన కూర్చోకూడదు, వెనక గోడకు తల ఆనించీ కూర్చోకూడదు. మధ్యలో కొన్ని స్వరాలు చచ్చిపోతాయి, గోడ దగ్గర అవే ఉబ్బిపోతాయి. ట్వీటరు చెవి ఎత్తుకు రావాలి, అందుకు రెండడుగులు, ఆ పైన కొంచెం ఎత్తున్న గట్టి స్టాండు చాలు. తర్వాత కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఎవరినైనా అద్దం పట్టుకుని పక్క గోడ వెంట జరగమనండి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటే మొదటి ప్రతిధ్వని పుడుతుంది. అక్కడ అల్మారానో కర్టెనో ఉంచండి. ఆ ప్రతిధ్వని మూడు మిల్లీసెకన్లలోపే వస్తుంది, మెదడు దాన్ని వేరే శబ్దంగా గుర్తించదు. గొంతుకు రంగు మార్చి ఊరుకుంటుంది.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఒక అనుమానం వస్తుంది, 70 హెర్ట్జ్‌తో ఆగితే తంబుర సంగతేమిటని. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి షడ్జం దాదాపు 131 హెర్ట్జ్, తంబురలో మంద్ర షడ్జం 65. స్పీకరు పరిధికి అది కాస్త బయటే. అయినా ఆ తీగ మనకు వినిపిస్తూనే ఉంటుంది. 131, 196, 262 దగ్గర పలికే దాని స్వయంభూ స్వరాల మధ్య ఎడం 65 అని మెదడు పట్టుకుని, లోపించిన మూలస్వరాన్ని తానే పూరించుకుంటుంది. జీవాళి దారం సవరించినప్పుడు విచ్చుకునే ఆ పై స్వరాల గుత్తి చక్కగా వస్తే తంబుర వచ్చినట్టే. నాకు తెలిసి స్పీకర్ల అమరికకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. రెండు స్పీకర్ల నడుమ ఒక్క తంబుర నిలిచి, గాయకుడి గమకం మధ్యలో కూడా చోటు మారకపోతే అమరిక కుదిరింది.

1987 నాటికి బీ110 లక్షణాలు కొంత జారడంతో క్రాసోవరు మార్చి 15 ఓమ్‌ల స్పీకరును 11 ఓమ్‌లకు తెచ్చారు. 1990ల చివరికి కెఫ్ ఆ యూనిట్లు చేయడం మానేసింది, ఎల్‌ఎస్‌3/5ఏ కథ ముగిసిందనే అనుకున్నారు. తర్వాత స్టర్లింగ్ అనే కంపెనీ వాళ్లు కొత్త యూనిట్లతో, మాల్కమ్ జోన్స్ స్థాపించిన ఫాల్కన్ సంస్థ బీ110ను మళ్లీ పుట్టించి, దీన్ని తిరిగి తెచ్చారు. బేస్ చాలదని దిగులుపడే వాళ్ల కోసం పాత రోజుల్లోనే రోజర్స్ ఏబీ1 అనే బేస్ పెట్టెను చేసింది, అది స్టాండులా కిందే ఉంటుంది. పన్నెండు అడుగుల గదిలో దాన్ని కలిపితే 47, 56 హెర్ట్జ్ మళ్లీ గదిలోకి వస్తాయి. గది పదిహేను, ఇరవై అడుగులు దాటాక ఆ ఆలోచన చేయవచ్చు.