పొగ వస్తే రింగుల మీద నింద

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన ఎంత ట్రాఫిక్ ఉన్నా యమహా ఆర్‌ఎక్స్ 100 శబ్దం విడిగా తెలిసిపోతుంది. 1985లో మన దేశంలో మొదలై 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. రోడ్డు మీదున్న వాటిలో చివర వచ్చినదానికైనా దాదాపు ముప్పై ఏళ్లు. ఆ టూ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు రబ్బరు వలయాలుంటాయి. వాటిని క్రాంక్ సీళ్లంటారు. వాటి గురించి సరిగా తెలియక ఎందరో మంచి పిస్టన్లు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: సీల్ ఉన్నది ఆయిల్ కారకుండా ఆపడానికే.

వాస్తవం: టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసే ఒక పంపు. పిస్టన్ పైకి వెళ్తూ పెట్రోలు, గాలి, 2టి ఆయిల్ మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. కిందికి దిగుతూ దాన్నే సిలిండర్‌లోకి నెడుతుంది. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఇది సెకనుకు 125 సార్లు జరుగుతుంది. క్రాంక్ రెండు చివర్లా ఆ పీల్పునీ ఒత్తిడినీ పట్టి ఉంచేది సీళ్లే.

అపోహ: తెల్ల పొగ వస్తే రింగులు పోయినట్టే, బోర్ చేయించాలి.

వాస్తవం: ఇది ఫోర్ స్ట్రోక్ లెక్క. టూ స్ట్రోక్ పిస్టన్‌కు అసలు ఆయిల్ రింగే ఉండదు. రింగులు అరిగితే కంప్రెషన్ తగ్గి పికప్ పోతుంది. బండి వేడెక్కాక కూడా పొగ దట్టంగా, ఆగకుండా వస్తుంటే ముందు గేర్ ఆయిల్ మట్టం చూడాలి. కుడివైపు క్లచ్ సైడ్ సీల్ పోతే ఆ ఆయిల్ క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి కాలిపోతుంది. బయట చుక్క కూడా కనిపించదు. ప్లగ్ మాత్రం నల్లగా తడిసి ఉంటుంది.

అపోహ: పొగ లేదంటే సీళ్లు బాగున్నట్టే.

వాస్తవం: ఎక్కువ ప్రమాదం పొగ రాని వైపే ఉంది. ఎడమవైపు మ్యాగ్నెట్ సైడ్ సీల్ గట్టిపడితే అక్కడి నుంచి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ రేస్ దిగదు, ప్లగ్ తెల్లబారుతుంది. కార్బురేటర్ స్క్రూ తిప్పి రేస్ తగ్గించుకుంటే లక్షణం కప్పబడిపోతుంది గానీ లీకు పోదు. మే నెల ఎండలో హయత్‌నగర్ దాకా లాగించేసరికి పిస్టన్ పట్టేయవచ్చు.

అపోహ: 2టి ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: పెట్రోలులో ఆయిల్ పెరిగితే జెట్‌లోంచి వెళ్లే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది. లీకైన గాలి అలాగే ఉంటుంది, మిశ్రమం మరింత పలచనవుతుంది.

అపోహ: తక్కువ తిరిగిన బండికి సీళ్లు పోవు.

వాస్తవం: రబ్బరుకు వయసే శత్రువు. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండి సీల్ అంచు ఎండి బిగుసుకుపోతుంది. అందుకే ఒకటి పోతే రెండూ మార్చడం మేలు.

అపోహ: సీల్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి.

వాస్తవం: ఇది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. రెండు సిలిండర్ల రాజ్‌దూత్ 350లో క్రాంక్ మధ్యలో ఉండే సీల్ కోసం ఇంజిన్ విప్పి, క్రాంక్‌ను ప్రెస్ మీద విడదీయక తప్పదు. ఆర్‌ఎక్స్ 100 మ్యాగ్నెట్ సైడ్ సీల్‌కు అంత అవసరం లేదు. మ్యాగ్నెట్, కాయిల్ ప్లేటు తీస్తే సీల్ కనిపిస్తుంది. మ్యాగ్నెట్‌ను సుత్తితో కొట్టకుండా పుల్లర్‌తోనే తీయాలి.

అపోహ: సీల్ ఎలా కొట్టి దింపినా ఒకటే.

వాస్తవం: కొత్త సీల్ పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. క్రాంక్ మీది కీ గాడి అంచు బ్లేడులా ఉంటుంది, సీల్ పెదవి దాని మీదుగా జారుతూ చిరుగుతుంది. అనుభవమున్న మెకానిక్ ఆ గాడికి సన్నటి టేపు చుట్టి, పెదవికి ఆయిల్ రాస్తాడు. స్ప్రింగ్ ఉన్న ముఖం సాధారణంగా క్రాంక్‌కేస్ వైపు ఉండాలి. తర్వాత సీల్ బయటి అంచుకు సరిపోయే సాకెట్ ఆనించి వంకర పోకుండా మెల్లగా దింపుతాడు. పాత పెదవి షాఫ్టు మీద గాడి కోసి ఉంటే సీల్‌ను కొంచెం లోతు మార్చి కూర్చోబెడతాడు.

పని అయ్యాక ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ దారులు మూసి సుమారు 6 పీఎస్‌ఐ గాలి పట్టిస్తే అనుమానం తీరిపోతుంది. మీటరు ముల్లు కొన్ని నిమిషాలు కదలకపోతే సీళ్లు కూర్చున్నట్టే. జారిపోతుంటే సబ్బునీళ్లు రాయాలి, లీకున్న చోట బుడగలు లేస్తాయి.