ఆల్బర్ట్ ఎక్కా: పతకం చెప్పని చరిత్ర

1971 యుద్ధం అనగానే మనకు ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేస్తున్న సేనాధిపతుల ఫొటో గుర్తుకొస్తుంది. పుస్తకాల్లో కూడా వాళ్ల పేర్లే ఉంటాయి. కానీ ఆ యుద్ధంలో తూర్పు రంగాన పోరాడినవాళ్లలో పరమవీర చక్ర వచ్చింది ఒకే ఒక్కడికి. ఆయన జనరల్ కాదు, ఆఫీసరు కూడా కాదు. ఛోటానాగ్‌పూర్ ఆదివాసి, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా. అది కూడా ప్రాణం పోయాకే వచ్చింది.

ఆయన ధైర్యాన్ని పొగడడానికి మాత్రమే మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఆ పని ప్రభుత్వమే ఏటా చేస్తూ ఉంది. పతకం ఒక మనిషి చివరి కొన్ని గంటల గురించే చెబుతుంది. ఆ మనిషి ఏ జనంలోంచి వచ్చాడు, ఆ జనానికి సైన్యంతో ఎట్లాంటి సంబంధం ఉంది, చక్రం ఇచ్చిన రాజ్యం ఆ తర్వాత వాళ్లతో ఎట్లా వ్యవహరించింది అన్నవి చెప్పదు. మనం చదవాల్సింది ఆ చెప్పని భాగాన్నే.

పేరులోనే ఉన్న చరిత్ర

ఆల్బర్ట్ 1942 డిసెంబరు 27న జారి అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది బీహారులోని రాంచీ జిల్లా. 1983లో గుమ్లా జిల్లా విడిపోయింది, 2000లో జార్ఖండ్ రాష్ట్రం వచ్చింది. ఆయనది ఉరావ్ తెగ, క్రైస్తవ కుటుంబం. ఆల్బర్ట్ అన్నది మిషన్ నుంచి వచ్చిన పేరు. ఎక్కా అన్నది గోత్రం పేరు, ఉరావుల భాషలో దాని అర్థం తాబేలు. ఆ భాష పేరు కుడుఖ్. అది మన తెలుగులాగా, గోండీలాగా, కోలామీలాగా ద్రావిడ కుటుంబానికి చెందిందే. అంటే ఎక్కడో ఉత్తరాది వీరుడని మనం దూరం పెట్టే ఈ మనిషి మాటకు మన మాటతో చుట్టరికం ఉంది.

ఆ నేల చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1914లో ఇదే గుమ్లా ప్రాంతం నుంచి జాత్రా ఉరావ్ నాయకత్వంలో తానా భగత్ ఉద్యమం లేచింది. జమీందార్లకు వెట్టి చెయ్యం, భూమికి శిస్తు కట్టం అన్నారు ఆ ఉరావులు. అడవినీ భూమినీ కాపాడుకోవడానికి తరతరాలుగా పోరాడిన జనం వాళ్లు. అయినా సైన్యం లెక్కలో చాలాకాలం వాళ్లు యోధులు కాదు, కూలీలు!

‘వీరజాతులు’ అనే కట్టుకథ

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషు సైనికాధికారులు ‘మార్షల్ రేసులు’ అనే సిద్ధాంతం తయారుచేశారు. కొన్ని కులాలు, జాతులు పుట్టుకతోనే వీరులు, తక్కినవాళ్లు పనికిరానివాళ్లు అన్నారు. ఎవరి వృత్తి ఏమిటో పుట్టుకే నిర్ణయిస్తుందనే కులధర్మానికి ఇది మిలిటరీ రూపం. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది సిపాయిలను తేలిగ్గా తీసిపారేసినవాడే. అంతకుముందు అదే మద్రాసు సైన్యంలో మాలలు, పరయలు తరాల తరబడి కొలువు చేశారు. కంపెనీ రాజ్యం నిలబడడానికి వాళ్ల రక్తం పనికొచ్చింది. రాజ్యం నిలబడ్డాక వాళ్ల పుట్టుక అడ్డమొచ్చింది.

మహార్ల సంగతీ అంతే. 1890లలో వాళ్లకు సైన్యం తలుపులు మూసేశారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సుబేదారు హోదాలో పనిచేసినవాడు. అంటే దళితులకు సైనిక కొలువంటే జీతమొక్కటే గాదు. చదువు, బట్ట, ఊరి కట్టుబాట్ల నుంచి కాస్త విడుదల కూడా. తలుపు మూయడమంటే అవన్నీ లాక్కోవడమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, రాంచీ ప్రాంతం నుంచి ఉరావులను, ముండాలను లేబర్ కోర్‌లో చేర్చి ఫ్రాన్సుకు పంపారు. తుపాకీ పట్టడానికి కాదు, కూలి పనికి. అదే ఏడాది మయూర్‌భంజ్‌లో సంతాల్‌లు ఈ భర్తీకి ఎదురు తిరిగారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి ‘పనికిరానివాళ్లు’ మళ్లీ పనికొచ్చారు. 1941లో మహార్ రెజిమెంటు, బీహార్ రెజిమెంటు ఏర్పడ్డాయి. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి, యుద్ధం ముగిశాక 1946లో రద్దు చేశారు. బీహార్ రెజిమెంటులో ఆదివాసులను పెద్ద సంఖ్యలో చేర్చుకున్నారు. ‘బిర్సా ముండా కీ జై’ అన్నది ఆ రెజిమెంటు యుద్ధ నినాదాల్లో ఒకటి. బిర్సా 1900లో రాంచీ జైల్లో చనిపోయాడు. ఏ రాజ్యం మీద తిరగబడి చనిపోయాడో, దాని వారసత్వంగా వచ్చిన సైన్యానికి ఆయన పేరు కేక అయింది.

ఆల్బర్ట్ 1962 డిసెంబరులో చేరింది ఈ బీహార్ రెజిమెంటులోనే. 1968లో 14వ గార్డ్స్ బెటాలియన్‌కు మారాడు. కులాన్ని బట్టి కాకుండా అన్ని ప్రాంతాల వాళ్లనీ, అన్ని కులాల వాళ్లనీ కలిపి 1949లో ఏర్పరచినదే ఈ గార్డ్స్ దళం.

గంగాసాగర్ రాత్రి

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమాన దాడులతో యుద్ధం మొదలైంది. ఆ రాత్రే 14వ గార్డ్స్ గంగాసాగర్ మీదికి కదిలింది. త్రిపుర సరిహద్దుకు అవతల, అగర్తలా దగ్గర, రైలు మార్గం మీద ఉన్న గట్టి స్థావరం అది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది.

ఒక లైట్ మెషిన్ గన్ ఎక్కా కంపెనీని చీల్చుతోంది. ఆయన నేరుగా ఆ బంకర్ మీద పడి, ఇద్దర్ని బయొనెట్‌తో పొడిచి దాన్ని ఆపాడు. తీవ్రంగా గాయపడ్డా వెనక్కి పోలేదు. తోటివాళ్లతో కలిసి దాదాపు మైలు పొడవునా బంకర్ తర్వాత బంకర్ ఖాళీ చేయించాడు. ఉత్తరం కొసన ఒక భవనం పైఅంతస్తు నుంచి మీడియం మెషిన్ గన్ మొదలైంది. దాడి ఆగిపోయింది. ఎక్కా పాకుతూ పోయి గ్రెనేడ్ విసిరాడు. గన్ ఆగలేదు. పక్కగోడ ఎక్కి లోపలికి దూరి, కాలుస్తున్నవాణ్ని బయొనెట్‌తో పొడిచాక గాని అది ఆగలేదు. స్థావరం చేతికి వచ్చింది. ఆ గాయాలతోనే ఆయన చనిపోయాడు. 29 ఏళ్లు నిండడానికి ఇంకా మూడు వారాలుంది.

చక్రం తర్వాత

ఆయన్ని అగర్తలా దగ్గరే మట్టి చేశారు. ఇంటివాళ్లకు చక్రం అందింది, మనిషి అందలేదు. నాలుగు దశాబ్దాలు దాటాక, 2016లో, ఆ సమాధి మట్టి జారికి చేరింది. ఈలోపు రాంచీలో పెద్ద చౌరస్తాకు ఆయన పేరు పెట్టారు. 2000లో తపాలా బిళ్ల వేశారు. 2023లో అండమాన్‌లో ఒక దీవికి పేరిచ్చారు. గౌరవాలకు కొదవ లేదు.

మరి ఆయన జనం సంగతి? 1938 నాటి చట్టం కింద, 1964 నుంచి నేతర్‌హాట్ కొండల్లో సైన్యం ఫిరంగుల సాధన చేసేది. ఆ ప్రాంతంలో ఎక్కా సొంత జిల్లా గుమ్లా ఊళ్లు కూడా ఉన్నాయి. 1990ల మొదట్లో దాన్ని 245 గ్రామాలకు విస్తరించబోతే 1994 మార్చిలో టుటువాపానీ దగ్గర వేలాదిమంది ఆదివాసులు, అందులో ఆడవాళ్లు ముందు నిలబడి, రోడ్డుకు అడ్డం కూర్చున్నారు. సైన్యం బండ్లు వెనక్కి తిరిగాయి. అయినా ఆ ప్రాంతం మీద ఉత్తర్వును ఇక పొడిగించబోమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పడానికి 2022 దాకా పట్టింది.

దేశం కోసం ఒక ఉరావ్ కొడుకు గోడ ఎక్కి ప్రాణమిచ్చాడు. అదే దేశపు ఫిరంగుల ముందు ఉరావ్ తల్లులు తమ ఊరి కోసం రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఈ రెండూ ఒకే చరిత్ర. మొదటిది పాఠంగా చెప్పి రెండోది దాచిపెట్టేవాళ్లు ఎక్కాను గౌరవిస్తున్నట్టు కాదు, వాడుకుంటున్నట్టు.

ఉపాధ్యాయులకూ కార్యకర్తలకూ మా విన్నపం ఒక్కటే. వీరుల పాఠం చెప్పేటప్పుడు ఆల్బర్ట్ ఎక్కా పేరు తప్పకుండా చెప్పండి. దాంతోపాటు ఆయన ఊరు ఎక్కడుందో, ఆ ఊళ్ల భూమి ఎవరి చేతిలో ఉందో కూడా పిల్లల్ని అడగనివ్వండి.